భారము, బరువు: నాడీ సంబంధ వైకల్యముగల యౌవనస్థుల స్వతంత్ర జీవనమును గూర్చి సంఘకాపరులకు

"మా తరువాత వీడి గతి ఏమిటి, అయ్యగారూ?" నెల్లూరు జిల్లాలో కొంతకాలము సంఘకాపరిగా పనిచేసిన ఎవరికైనను ఈ ప్రశ్న ఎదురై యుండును. అడుగువారు సాధారణముగా తల్లులు. వయస్సు యాభై దాటియుండును. కుమారునికో కుమార్తెకో ఇరువది ఐదేండ్లు. పుట్టినప్పుడు బిడ్డ వెంటనే ఏడ్వలేదనియో, పసితనమున మెదడువాపు జ్వరము వచ్చినదనియో చెప్పుదురు. కాపరి తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి, దేవుడు చూచుకొనునని చెప్పి లేచి వచ్చును. ప్రార్థనను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అయితే ఆ తల్లి అడిగినది ఒక ఆచరణాత్మకమైన ప్రశ్న. దానికి ఆచరణాత్మకమైన జవాబు కూడ కలదు. ఆ జవాబులో సంఘము వంతు ఎంతయో ఈ వ్యాసములో పరిశీలింపగోరుచున్నాము.

కొడవలూరు మండలమును మనస్సులో ఉంచుకొని వ్రాయుచున్నాము. పెన్న దాటి కోవూరు మీదుగా ఉత్తరమునకు పోవు దారిలో ఉన్న వరి నేల యిది. జాతీయ రహదారి, రైలుమార్గము రెండును దీనిగుండా పోవును. తూర్పున సముద్రము వైపు పోయినకొలది కాలువలు, రొయ్యల గుంటలు. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అడుగుపెట్టినది మొదలు ఈ ప్రాంతములో మిషనులు బడులు కట్టెను, ఆసుపత్రులు కట్టెను. బడి బాల్యమును చూచుకొనును, ఆసుపత్రి రోగమును చూచుకొనును. రోగి కాని, బాలుడు కాని వాని దినచర్యను చూచుకొనుటకు మాత్రము ఏ కట్టడమును లేదు. నేటి ప్రభుత్వ ఏర్పాటులోను ఇదే వెలితి కనబడుచున్నది. నిర్ణీత స్థాయిలో వైకల్యముగల పిల్లలకు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య 2016 నాటి చట్టము ప్రకారము హక్కు. బడి వయస్సు పిల్లల కొరకు భవిత కేంద్రములు ఉన్నవి. పందొమ్మిదవ ఏట ఆ పిల్లవాడు ఇంటి అరుగుమీదికి తిరిగి వచ్చును. తరువాత నలువది ఏండ్లు అక్కడనే.

ఎవరిని గూర్చి మాటలాడుచున్నాము?

మెదడు, వెన్నుపాము, నరములు ఎదుగుటలో గాని పనిచేయుటలో గాని లోపము వలన కలుగు వైకల్యములు అనేకము. సెరిబ్రల్ పాల్సీలో మెదడునకు తొలినాళ్లలో కలిగిన దెబ్బ వలన కండరములు బిగిసిపోవుట, చేతులు వణకుట, మాట ముద్దగా వచ్చుట కనబడును. మాట ముద్దగా వచ్చినంత మాత్రమున బుద్ధి మందగించినదని అర్థము కాదు. ఈ రెంటిని ఒకటిగా ఎంచుట మన సంఘములలో మిక్కిలి సాధారణమైన పొరపాటు. ఆటిజము, మేధో వైకల్యము, మూర్ఛవ్యాధి మరికొన్ని. రహదారి ప్రక్కన ఉన్న గ్రామములలో ఇంకొక గుంపు కూడ ఉన్నది: మోటారు సైకిలు ప్రమాదములో తలకు దెబ్బ తగిలి ప్రాణముతో బయటపడినవారు. నిన్నటి వరకు ఇల్లు నడిపినవాడు నేడు స్నానము చేసిన సంగతి మరచి మరల బిందె ఎత్తుకొనును. వీరందరికి ఒకే బోధనాపద్ధతి చాలదు. అయితే సంఘము వీరందరిని ఒకే రీతిగా చూచుచున్నది, అనగా ఎన్నటికిని పెద్దవారు కాని పిల్లలుగా.

స్వతంత్రత అనగా ఏమి?

గలతీ 6వ అధ్యాయములో పౌలు రెండవ వచనమున ఒకరి భారములను ఒకరు మోయవలెనని చెప్పి, ఐదవ వచనమున ఎవని బరువు వాడే మోసికొనవలెనని చెప్పును. ఇది పరస్పర విరుద్ధము కాదు. గ్రీకులో మొదటిది బారొస్, అనగా ఒక్కని శక్తికి మించి నలగగొట్టునది. రెండవది ఫోర్టియోన్, అనగా ప్రతివాడు తన వీపున వేసికొను మూట. మన తెలుగు బైబిలు కూడ ఒకచోట భారము, ఒకచోట బరువు అని వేరుచేసి వ్రాసినది. భారమును పంచుకొనుట ప్రేమ. ఎదుటివాని మూటను కూడ లాగుకొనుట ప్రేమవలె కనబడును గాని, అది వాని చేతులను ఖాళీ చేయును.

మన ఇండ్లలో జరుగుచున్నది ఇదియే. చొక్కా గుండీలు పెట్టుటకు అతనికి పదిహేను నిమిషములు పట్టును, తల్లికి అర నిమిషము. బస్సుకు వేళాయెను, తల్లియే పెట్టును. ఇరువది ఏండ్లు గడచును.

స్వతంత్రత అనగా ఎవరి సహాయము లేకుండ అన్నియు చేసికొనుట అని అనుకొన్నచో మనలో ఎవరును స్వతంత్రులము కాము. బియ్యము పండించినది మనము కాదు. అమెరికాకు చెందిన ఎడ్ రాబర్ట్స్ తన పద్నాలుగవ ఏట, 1953లో, పోలియో వలన మెడ క్రింది శరీరము దాదాపు అంతయు చచ్చుపడి, ఊపిరికి యంత్రముపై ఆధారపడెను. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయములో చేరెను. 1972లో అదే పట్టణములో స్వతంత్ర జీవన కేంద్రమును స్థాపించుటలో ముఖ్యుడాయెను. అతనికి అన్నము తినిపించుటకు, బట్టలు తొడుగుటకు మనుష్యులు కావలెను. అయితే ఎప్పుడు తినవలెనో, ఏ బట్ట తొడుగవలెనో, ఎక్కడికి పోవలెనో చెప్పునది అతడే. చేయు చెయ్యి ఇంకొకనిది కావచ్చును, నిర్ణయము తనది. స్వతంత్ర జీవనమనగా మేము ఈ అర్థములోనే వాడుచున్నాము.

మెఫీబోషెతు గాడిద

ఈ విషయములో లేఖనము మనకు ఒక పూర్తి చరిత్రను ఇచ్చినది. మెఫీబోషెతును గూర్చి ప్రసంగములు చాల వినియున్నాము. అవన్నియు 2 సమూయేలు 9వ అధ్యాయములో రాజు బల్ల వద్దనే ముగియును. చరిత్ర మాత్రము అక్కడ ముగియలేదు.

ఐదేండ్ల వయస్సులో దాది చేతిలోనుండి పడి అతడు కుంటివాడాయెను (4:4). దెబ్బ నరములకు తగిలినదో ఎముకలకో వాక్యము చెప్పుటలేదు. పెద్దవాడై లోదెబారులో మాకీరు ఇంట ఉండెను. 9:12 ప్రకారము అతనికి మీకా అను చిన్న కుమారుడు కూడ ఉండెను. అనగా దావీదు పిలిపించినది బిడ్డను కాదు, ఇంటివాడైన పురుషుని. సౌలు భూమి అతనికి తిరిగి వచ్చెను. దానిని సేద్యము చేయు పని సీబాకు, అతని పదిహేనుమంది కుమారులకు, ఇరువదిమంది దాసులకు అప్పగింపబడెను. ఏర్పాటు చూచుటకు ఎంతో చక్కనిది. అయితే పంట లెక్క ఎవరికి చెప్పవలెను? ఎవరును అడుగలేదు.

16వ అధ్యాయములో అబ్షాలోము తిరుగుబాటు వలన దావీదు పారిపోవుచుండగా సీబా గంతలు కట్టిన గాడిదలతో, రొట్టెలతో ఎదురువచ్చి, తన యజమానుడు రాజ్యము ఆశించి యెరూషలేములోనే నిలిచెనని చెప్పెను. రాజు ఆ ఒక్కని మాట విని భూమియంతయు సీబాకు ఇచ్చివేసెను. 19వ అధ్యాయములో మెఫీబోషెతు వచ్చి చెప్పిన సంగతి వినుడి: గాడిదకు గంత కట్టించుకొని ఎక్కి రాజుతో పోవలెనని తాను అనుకొనెను, దాసుడు మోసగించెను. అతడు గాడిదమీద స్వారి చేయగలడు. గంత కట్టుకొనుటకు మాత్రము ఒక చెయ్యి కావలెను. ఆ ఒక్క సహాయము ఒక్కని చేతిలోనే ఉండుట వలన అతని ప్రయాణము, పేరు, ఆస్తి మూడును పోయెను. నిజము విన్న తరువాత కూడ రాజు భూమిని సగము చేసెనే గాని సీబాను విచారించినట్లు లేదు. దావీదు కనికరము గొప్పదే. అయితే అతడు మెఫీబోషెతును బల్లయొద్ద కూర్చుండబెట్టెను గాని, అవసరమైనప్పుడు అతనిని అడుగలేదు. సంఘములో మనము ఇచ్చు ఆదరణ కూడ అనేకసార్లు ఇంతమట్టుకే.

దీనిప్రక్కన యోహాను 9:21 ఉంచి చదువవలెను. పుట్టు గ్రుడ్డివాని తలిదండ్రులు, తమ కుమారుడు పెద్దవాడు గనుక అతనినే అడుగుమని పరిసయ్యులకు జవాబిచ్చిరి. భయముతో అన్న మాటే అయినను, అది సరియైన మాట. ఆ కుమారుడు తరువాత ఎంత దిట్టముగా వాదించెనో చదువరులకు తెలియును. కాపరి ఇంటికి వెళ్లినప్పుడు, "బాబు అన్నము తిన్నాడా అమ్మా?" అని తల్లిని అడుగుట మాని, అతనివైపు తిరిగి, "తిన్నావా నాయనా?" అని అడిగి, జవాబు వచ్చువరకు ఊరకుండుటతో పని ఆరంభమగును. ముద్దమాటకు ఒక నిమిషము పట్టవచ్చును. ఆ నిమిషము మౌనముగా ఉండుట బోధకులకు కష్టమే.

ఎట్లు నేర్పవలెను?

పనిని చిన్న మెట్లుగా విడగొట్టుట ఈ బోధకు పునాది. కరెంటు కుక్కరులో అన్నము వండుట మనకు ఒక పని. నేర్చుకొనువానికి అది గ్లాసుతో కొలుచుట, కడుగుట, గీత వరకు నీళ్లు పోయుట, గిన్నె అడుగు తుడుచుట, లోపల పెట్టుట, ప్లగ్గు పెట్టుట, మీట నొక్కుట, వేచియుండుట, ప్లగ్గు తీయుట. చాలమందికి చివరి మెట్టునుండి వెనుకకు నేర్పుట మేలు. మొదటి వారము తల్లి అంతయు చేయును, అతడు మీట నొక్కి, తరువాత మూత తీయును. ప్రతిదినము పని పూర్తియైన తృప్తి అతనిది. తరువాత దాని ముందు మెట్టు. సహాయము కూడ అట్లే తగ్గవలెను: మొదట చెయ్యి పట్టి, తరువాత చూపించి, తరువాత మాటతో, చివరకు ఏమియు చెప్పకుండ. ఈ చివరిదియే నేర్పువానికి కఠినమైన పాఠము.

పనిముట్టు మార్చినచో సగము కష్టము పోవును. జారకుండ గిన్నెక్రింద తడిగుడ్డ, గరిటె పిడికి చుట్టిన సైకిలు ట్యూబు ముక్క, గుండీల స్థానములో అతుకు పట్టీ, నాడాకు బదులు ఎలాస్టిక్, వణకు చేతికి మూతగల గ్లాసు. తలకు దెబ్బ తగిలి జ్ఞాపకము తగ్గినవారికి జేబులో చిన్న పుస్తకము, సెల్‌ఫోనులో అలారము, ప్రతి వస్తువుకు మారని చోటు. ఆటిజముగలవారికి దినచర్యను బొమ్మలుగా గీసి గోడకు అంటించుట, మార్పు ఉన్నచో ముందుగా చెప్పుట. (మన ఆరాధనలలో మైకుల శబ్దము వీరికి ఎంత బాధయో ఒక్కసారి ఆలోచింపవలెను. తలుపు దగ్గర ఒక చోటు ఇచ్చి, లేచి బయటికి పోవుటకు అనుమతించిన చాలును.)

ఇంకొక సూత్రము: ఎక్కడ చేయవలసిన పనిని అక్కడే నేర్పవలెను. గదిలో ఉత్తుత్తి నోట్లతో నేర్చిన లెక్క అంగడిలో నిలువకపోవచ్చును. కొడవలూరు నుండి నెల్లూరుకు బస్సులో పోవుట నేర్పుదుమనుకొందము. మొదటి కొన్ని ప్రయాణములు ప్రక్కన కూర్చుండి. తరువాత రెండు సీట్లు వెనుక, తెలియనివారివలె. ఆ తరువాత అతడు ఒంటరిగా ఎక్కును, నెల్లూరులో దిగుచోట ఒకరు ఎదురుచూతురు. తప్పిపోవుట కూడ నేర్పవలెను. కావలెనని ఒక స్టాపు దాటిపోయి, ఇప్పుడేమి చేయుదువని అడిగి, కండక్టరుకు జేబులోని ఫోను నంబరు కార్డు చూపుట అభ్యాసము చేయించవలెను. సంఘములో కళాశాలకు రోజూ నెల్లూరు పోవు యౌవనస్థులు ఉందురు. ఈ పనికి వారికంటె తగినవారు లేరు. దీనికి పెద్ద డబ్బు అక్కరలేదు, కొన్ని నెలలు మానక చేయుట కావలెను.

ఇందులో అపాయము లేదా? ఉన్నది. కాన్సస్ రాష్ట్రములోని ఒక నాడీవ్యాధి సంస్థలో చాప్లెయినుగా పనిచేసిన రాబర్ట్ పెర్స్కే 1972లో వ్రాసిన వ్యాసములో, సాహసము చేయుటలో ఒక ఘనత ఉన్నదనియు, అతి భద్రత మనిషి ఘనతను తీసివేయుననియు వాదించెను. ఈ మాట ఒక కాపరి పరిచర్యలోనుండి వచ్చుట గమనింపదగినది. అయితే అపాయమును కొలిచి తీసికొనవలెను, ముఖ్యముగా మూర్ఛవ్యాధి విషయములో.

మూర్ఛవ్యాధి, మందులు, ప్రార్థన

మన తీరప్రాంతములో మూర్ఛగలవారికి నీరు పెద్ద ప్రమాదము. కాలువలో ఒంటరిగా స్నానము, రొయ్యల గుంట గట్టుమీద రాత్రి కాపలా వీరికి తగవు. స్నానపు గదికి లోపల గడియ వద్దు. చెంబుతో, కూర్చుండి స్నానము. కట్టెల పొయ్యికంటె కుక్కరు మేలు. ఫిట్స్ వచ్చినప్పుడు ప్రక్కకు తిప్పి పండబెట్టి, తలక్రింద మెత్తని గుడ్డ ఉంచి, గడియారము చూడవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు. చేతిలో తాళపుచెవులు పెట్టుట వలన ప్రయోజనము లేదు. ఐదు నిమిషములు దాటినచో, లేదా తెలివి రాకమునుపే మరల వచ్చినచో, 108కు ఫోను చేయవలెను.

ప్రార్థన చేసి మాత్రలు మాన్పించు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. దీనిని మేము సూటిగా ఖండించుచున్నాము. మాత్రలు హఠాత్తుగా ఆపినచో ఫిట్స్ ఆగక వరుసగా వచ్చి ప్రాణము పోవచ్చును. లేఖనాధారము అడుగువారు మత్తయి 4:24 చూడవలెను. అక్కడ దయ్యము పట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరుగా చెప్పబడిరి. చాంద్రరోగి అనునది చంద్రుని ప్రభావము వలన రోగము వచ్చునను ఆనాటి తలంపునుండి పుట్టిన గ్రీకు మాటకు మన అనువాదకులు చేసిన తెలుగు; మూర్ఛరోగియే. 17వ అధ్యాయములోని బాలునిలో రెండును కలిసియుండుట నిజమే. ఆ ఒక్క సంగతిని ప్రతి మూర్ఛరోగికి అంటగట్టుటకు మత్తయియే మనకు అనుమతినియ్యలేదు. ప్రతిదినము వేళకు మాత్ర తానే తీసి వేసికొనుట స్వతంత్ర జీవనములో మొదటి పాఠమైయుండగా, దానిని మాన్పించు బోధకుడు ఆ జీవనము పునాదినే తీసివేయుచున్నాడు.

ఇల్లు, డబ్బు, సంరక్షకుడు

తెలుగునాట ఇది సాధ్యమా అని అడుగువారికి సికింద్రాబాదులోని స్వయంకృషి సంస్థను చూపవచ్చును. మంజులా కల్యాణ్ 1991లో ఆరంభించిన ఈ సంస్థ మేధో వైకల్యముగల పెద్దవారిని చిన్న గృహములలో కలిపి ఉంచి, వంట, ఇంటిపని, సంపాదన వారిచేతనే చేయించు మార్గమును ఎన్నుకొనెను. పెద్ద ఆశ్రమము కంటె నలుగురైదుగురు కలిసి ఉండు మామూలు ఇల్లు మేలని మా అభిప్రాయము. మన సంఘములు వికలాంగుల కొరకు ఏదైన చేయదలచినప్పుడు వెంటనే స్థలము కొని గోడ కట్టుట చూచుచున్నాము. కట్టడమునకు విరాళము సులభముగా వచ్చును, బస్సు నేర్పుటకు రాదు. శిక్షణ, పరీక్షల విషయమై సలహాకు నెల్లూరులోనే కేంద్రప్రభుత్వపు కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉన్నది. సికింద్రాబాదులో 1984లో ఆరంభమైన జాతీయ సంస్థయు, చెన్నై దగ్గర ముట్టుకాడులోని సంస్థయు ఉన్నవి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. చక్రాల కుర్చీకి, మంచమునకు పరిమితమైన కొందరికి 15,000. అది ఎవరి చేతిలో పడుచున్నదో కాపరి గమనింపవలెను. అతని చేతిలో పడి, అతని కండ్లయెదుట ఇంటి ఖర్చుకు, మందులకు, తన సొంతానికి అని మూడు డబ్బాలలోనికి పోవలెను. సొంత డబ్బాలోనిది అతడు సినిమాకు ఖర్చుచేసినను మనము లెక్క అడుగకూడదు. 2016 చట్టములోని 21 రకముల వైకల్యములలో సెరిబ్రల్ పాల్సీ, ఆటిజము, మేధో వైకల్యము ఉన్నవి గాని మూర్ఛవ్యాధి ఒక్కటే ఉన్నవారు లేరు. తెలియక వారికి ఆశ పెట్టరాదు.

ఆ చట్టము 13వ సెక్షను వైకల్యముగలవారు ఇతరులతో సమానముగా ఆస్తి కలిగియుండి తమ డబ్బు తామే నడుపుకొను హక్కును గుర్తించినది. 14వ సెక్షను పరిమిత సంరక్షకత్వమును మాత్రమే తలంచును, అనగా ఒక నిర్దిష్టమైన నిర్ణయమునకు, నిర్దిష్టమైన కాలమునకు, అతనితో కలిసి ఆలోచించి. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యము, బహుళ వైకల్యములుగల పెద్దవారికి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము క్రింద కలెక్టరు స్థాయి అధికారి ఉన్న స్థానిక కమిటీ సంరక్షకుని నియమింపగలదు. ఆ సంరక్షకుడు ఆరు నెలలలో ఆస్తి జాబితాను, ప్రతి ఆర్థిక సంవత్సరము ముగిసిన మూడు నెలలలో లెక్కలను ఇయ్యవలెను. సీబాను ఎవరును అడుగని లెక్క ఇదే. తలిదండ్రులు జీవించియుండగానే ఈ సంగతి తేల్చుకొనవలెను. సమాధి కార్యక్రమమునాడు పెదనాన్న, మేనమామల మధ్య తేలునది న్యాయముగా తేలదు.

కొందరు తలిదండ్రులు ఇంకొక దారి వెదకుదురు: పేదయింటి పిల్లను చూచి పెండ్లి చేయుట. చూచుకొనుటకు మనిషి దొరుకునని వారి ఆశ. వైకల్యముగలవారు వివాహమునకు అనర్హులని మేము చెప్పుటలేదు. మెఫీబోషెతుకు కుమారుడు ఉండెను. అయితే వధువుకు సంగతి పూర్తిగా తెలియకుండ, వరుని ఇష్టము అడుగకుండ జరుగు పెండ్లికి కాపరి ప్రార్థన చేయరాదు. ఇరువురితో విడివిడిగా మాటలాడినవాడే ప్రకటన చదువవలెను. అమ్మాయిల విషయములో దీనితోకూడ, తన ఒంటిమీద ఎవరు చెయ్యి వేయవచ్చునో, ఎవరికి చెప్పవలెనో నేర్పుట తప్పదు. దానిని తల్లులకు చెప్పుటకు సిగ్గుపడు స్త్రీల సమాజము ఇంక ఏ విషయమై కూడుకొనును?

అందరును బస్సు ఎక్కలేరు. జీవితాంతము అన్నము తినిపింపవలసినవారు ఉన్నారు. వారికి రెండు చొక్కాలు చూపి ఏది కావలెనని అడిగి, కంటిచూపు ఎటు నిలిచినదో కనిపెట్టి, అదే తొడుగుట స్వతంత్రతయే.

తక్కినవారికి సంఘములో ఒక నిజమైన పని ఇయ్యవలెను, వేదికమీదికి పిలిచి చప్పట్లు కొట్టించు పని కాదు. ఆదివారము ఉదయము మందిరము తెరచి గంట కొట్టుట అట్టిది. తాళపుచెవి అతనియొద్దనే ఉండవలెను, రెండవది ఇంకొకని యొద్ద ఉండకూడదు. మొదటి వారములలో ఒకరు తోడుండి, తరువాత వీధి మలుపున నిలిచి, తరువాత రాకుండ ఉండవలెను. ఒక ఆదివారము గంట పది నిమిషములు ఆలస్యమైనచో ఆ సంగతి ఆరాధన తరువాత అతనితోనే మాటలాడవలెను. అంతవరకు పెద్దలెవరును లేచి త్రాడు అందుకొనరాదు.